మేళా ముగిసిన ఆరు నెలలకు ఎందరు మిగిలారు?

ప్రకాశం, నెల్లూరు అనే మా రెండు జిల్లాల్లో వికలాంగుల కోసం ఉద్యోగ మేళా జరిగిన ప్రతిసారీ మర్నాడు పత్రిక జిల్లా పేజీలో దాదాపు ఒకే వార్త కనిపిస్తుంది. ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎంతమంది హాజరయ్యారు, ఎంతమంది ఎంపికయ్యారు, ఆర్డరు కాగితాలు ఎవరి చేతుల మీదుగా అందాయి అనే సంగతులు అందులో ఉంటాయి. అలా ఎంపికైన వారిలో ఆరు నెలల తరువాత ఎందరు అదే పనిలో ఉన్నారనే సంగతి మాత్రం ఏ వార్తలోనూ నేను చూడలేదు. వికలాంగుల ఉపాధి కోసం మనం చేస్తున్న సాయం చాలావరకు ఉద్యోగంలో చేరే రోజుతో ఆగిపోతున్నదనీ, నిజానికి సాయం ఎక్కువగా కావలసింది ఆ రోజు నుంచేననీ నా అభిప్రాయం. ఈ మధ్య మా బంధువుల అబ్బాయి ఒకడు ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చేయడంతో ఆ అభిప్రాయాన్ని వివరంగా రాయాలనిపించింది.

ఆ అబ్బాయిది కనిగిరి దగ్గర పల్లె. పుట్టుకతోనే వినికిడి లేదు. ఇంటర్ దాకా చదివాడు, ఎదుటివారి పెదవుల కదలికను బట్టి తెలిసిన మాటలను చాలావరకు పట్టుకుంటాడు. మేళాలో నెల్లూరు వైపు ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ పనికి తీసుకున్నారు. పని నేర్చుకోవడం అతనికి కష్టం కాలేదు. రొయ్యలను కౌంటు ప్రకారం, అంటే కిలోకు ఎన్ని తూగుతాయనే లెక్క ప్రకారం, వేరుచేయడంలో కొద్దిరోజులకే చెయ్యి తిరిగింది. ఇబ్బంది వేరే చోట వచ్చింది. అలాంటి ప్లాంటు లోపల పనిచేసే ప్రతివారూ తలకు టోపీ, ముఖానికి మాస్కు కట్టుకోవాలి. ఎగుమతి సరుకు కనుక ఆ నియమాన్ని సడలించరు. మాస్కు కట్టుకున్న మనిషి పెదవులు కనిపించవు. చెరువుల నుంచి సరుకు ఎక్కువగా వచ్చిన రోజుల్లో షిఫ్టులు మారుతుంటాయి, ఆ మార్పును సూపర్‌వైజరు లైనులో నిలబడి నోటితో చెప్పి వెళ్లిపోతాడు. ఈ అబ్బాయి పగటి షిఫ్టే అనుకుని పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లేసరికి, ముందటి రాత్రి డ్యూటీకి రాలేదని ఆబ్సెంటు పడి ఉండేది. ఇలా కొన్నిసార్లు జరిగాక పని మీద శ్రద్ధ లేనివాడనే పేరు వచ్చింది.

"వాడు పనికి పోకుండా లేడన్నా, తెల్లారకముందే పోయి గేటు కాడ నిలబడ్డాడంట. రాత్రికి రమ్మన్నారని వాడికి తెలిసేలా చెప్పిన మనిషే లేడు," అని అతని తల్లి నాతో అంది. ఆమె నాకు చెల్లెలి వరస.

ఇక్కడ కావలసిన మార్పుకు రూపాయి ఖర్చు లేదు. అబ్బాయి దగ్గర ఫోను ఉంది, సూపర్‌వైజరు దగ్గరా ఉంది. షిఫ్టు మారినప్పుడు వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టినా, గేటు దగ్గర బోర్డు మీద రాసినా సరిపోయేది. కానీ ఆ మాట యాజమాన్యానికి ఎవరు చెప్పాలి? అబ్బాయి చెప్పుకోలేడు, తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నారు, మేళా నిర్వహించిన వారి లెక్కల్లో అతను అప్పటికే ఉద్యోగం వచ్చినవాడు. ఆ సూపర్‌వైజరును నేను తప్పు పట్టలేను, ఎందుకంటే వినికిడి లేని మనిషితో కలిసి పనిచేయడం ఎలాగో అతనికి ఎవరూ ఒక్క పూట కూడా నేర్పలేదు. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని మన పెద్దలు ధైర్యం చెప్పేవారు. మేళాల విషయంలో నారు పోసే చేతులకు నీటితో సంబంధం లేకుండా పోయింది.

నన్ను నిలబెట్టిన చిన్న మార్పిడి

నాకు పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 3 శాతం వాటా ఉన్న రోజుల్లో, ఆ వాటాలోనే బ్యాంకులో క్లర్కుగా చేరాను. ఉద్యోగం రావడానికి కారణం ఆ వాటా. ఉద్యోగం నిలవడానికి కారణం వేరు, దాన్ని నేను ఎప్పుడూ విడిగానే చెబుతుంటాను.

మా బ్రాంచిలో లాకర్ గది కింది అంతస్తులో ఉండేది. ఖాతాదారు వచ్చిన ప్రతిసారీ క్లర్కు తాళం పట్టుకుని మెట్లు దిగి, మళ్లీ ఎక్కి రావాలి. పండుగల ముందు, పెళ్లిళ్ల కాలంలో రోజంతా అదే పని. కొత్తగా చేరినవారికి ఆ డ్యూటీ వేయడం అక్కడి ఆనవాయితీ కనుక నాకూ వేశారు. కొన్ని వారాలకు మోకాలు వాచి, కాలికి ఊతంగా కట్టుకునే కాలిపరు వేసుకోవడమే కష్టమైంది. అప్పటి మా మేనేజరు నన్ను పిలిచి ఏమీ అడగకుండానే, లాకర్ డ్యూటీని ఇంకొకరికి ఇచ్చి, అందరూ తప్పించుకోవాలని చూసే క్లియరింగ్ చెక్కుల పనిని నాకు అప్పగించారు. సాయంత్రం ఆలస్యం వరకు కూర్చుని లెక్క సరిచూసే పని అది. నాకు కూర్చోవడం కష్టం కాదు, మెట్లు కష్టం. ఆ మార్పిడి వల్ల బ్యాంకుకు నష్టం లేదు, తోటివారికి నా మీద కోపం రాలేదు, పైగా కొందరికి ఊరట కలిగింది.

ఆయన ఆ పని చట్టం చదివి చేయలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్నే తగిన సర్దుబాటు అనే పేరుతో హక్కుగా రాసింది. 20వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన వికలాంగ ఉద్యోగికి అలాంటి సర్దుబాటు చేయాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి, అలాంటి ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా కొనసాగించాలి. వర్ణాంధత్వం ఉందని తీసివేసిన ఒక ఆర్టీసీ డ్రైవరు విషయంలో 2025లో సుప్రీంకోర్టు, వేరే పని చూపించకుండా ఇంటికి పంపడం చెల్లదని చెప్పింది. ప్రభుత్వ సంస్థల వరకు చట్టం బలంగానే ఉంది.

ప్రైవేటు సంస్థల దగ్గరికి వచ్చేసరికి ఆ బలం తగ్గుతుంది. వికలాంగ యువతీయువకులను మేళాలు పంపేది ప్రైవేటు సంస్థలకే కనుక ఈ తేడా చిన్నది కాదు. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలనీ, వికలాంగుల నియామకాన్నీ వారికి కావలసిన వసతులనూ చూసుకునే లైజన్ అధికారిని నియమించాలనీ 2017 నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఆ రొయ్యల ప్లాంటులో కూడా ఒక లైజన్ అధికారి ఉండి తీరాలి. ఉన్నారో లేదో ఆ అబ్బాయికి తెలియదు. ఉంటే ఆ పేరు క్యాంటీను గోడ మీదైనా కనబడాలి కదా.

ఇదే 20 అనే సంఖ్య జర్మనీ చట్టంలోనూ ఉంది. అక్కడ 20 కొలువులున్న సంస్థ తన సిబ్బందిలో 5 శాతం తీవ్ర వైకల్యం ఉన్నవారిని తీసుకోవాలి, తీసుకోకపోతే ఖాళీగా ఉంచిన ప్రతి స్థానానికీ పరిహార రుసుము కట్టాలి. మన చట్టంలోనూ 35వ సెక్షన్‌లో 5 శాతం అనే మాట ఉంది, కానీ అది యజమాని చేరవలసిన తప్పనిసరి లెక్కగా లేదు. ఆ స్థాయికి చేరేలా యజమానులకు ప్రభుత్వాలు తమ ఆర్థిక సామర్థ్యం మేరకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే ఉంది. మనకూ ప్రైవేటు రంగంలో తప్పనిసరి కోటా కావాలని వాదించే మిత్రులు నాకున్నారు. వారితో నాకు విభేదం లేదు. అయితే జర్మనీ పద్ధతిలో నాకు ఎక్కువ నచ్చింది ఆ రుసుము వసూలు చేయడం కంటే దాన్ని ఖర్చు చేసే తీరు. పని స్థలాన్ని సర్దుబాటు చేయడానికి, వికలాంగ ఉద్యోగికి అవసరమైన సహాయకుల కోసం ఆ సొమ్ములో నుంచి ఇస్తారు. కోటా ఒక్కటే పెట్టి ఈ రెండో భాగాన్ని వదిలేస్తే, హాజరు పట్టీలో పేరు రాసి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే యజమానులు పుట్టుకొస్తారని నా భయం.

పింఛను మాట

వికలాంగులు ఉద్యోగాల్లో నిలవకపోవడానికి పింఛనే కారణమని వాదించేవారు మా ఊళ్లలో చాలామంది ఉన్నారు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను ₹3,000 నుంచి ₹6,000 అయింది. ఒకటో తేదీన ఇంటికే వచ్చి ఇచ్చే డబ్బు ఉండగా ఎవరు పనికి పోతారని చదువుకున్నవారు కూడా అంటున్నారు. ఈ మాటను కొట్టిపారేయకుండా లెక్క వేసి చూద్దాం.

ఊరు వదిలి పట్నంలో పనిచేసే వికలాంగ యువకుడికి నెలకు ₹12,000 జీతం వస్తుందనుకుందాం. అలాంటి పనులకు దొరికే జీతాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. గదిలో వాటా అద్దె, మెస్సు, ఆటోలు, ఇంటికి రాకపోకల ఛార్జీలు పోగా చేతిలో ₹5,000 మిగలడం కష్టం. కాళ్లు బాగున్నవాడు షేర్ ఆటోలో వేలాడుతూ పోయే దూరానికి కాలు లేనివాడు పూర్తి ఆటో మాట్లాడుకోవాలి. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎత్తు తెలిసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. కుటుంబ ఆదాయం పరిమితి దాటితే పింఛను ఆగుతుంది. పీఎఫ్ ఖాతా తెరిస్తే కంప్యూటరులో పేరు పడుతుందనీ, ఆ తరువాత ఎప్పుడో ఒకనాడు జాబితాలో నుంచి తీసేస్తారనీ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. 2025లో వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రాలను మళ్లీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులు ఇచ్చినప్పుడు ఆ భయం మరింత పెరిగింది. ఉద్యోగం మూడు నెలల్లో పోవచ్చు, పింఛను ఒకసారి ఆగితే తిరిగి తెచ్చుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి పరిస్థితిలో ఉద్యోగం వద్దనుకున్న మనిషిని సోమరి అనడం అన్యాయం. అతను మనకంటే జాగ్రత్తగా లెక్క వేశాడు.

అయితే పింఛను పెంచడం తప్పన్న వాదనకు నేను వెళ్లను. మంచం మీదున్నవారికీ, ఏ పనీ చేయలేనివారికీ అది బతుకు. ఇంట్లో విలువ లేకుండా పడి ఉన్న ఆడపిల్లల చేతికి నెలకు ఆరు వేలు వస్తున్నందువల్ల అన్నావదినల మాట తీరు మారిన ఇళ్లు నాకు తెలుసు. నేను కోరేది ఒక్కటే. ప్రైవేటు ఉద్యోగంలో కొత్తగా చేరిన వికలాంగుల పింఛనును కనీసం రెండేళ్లు ముట్టుకోబోమనీ, ఆ తరువాత ఉద్యోగం పోతే కొత్త దరఖాస్తు, కొత్త క్యాంపు లేకుండా వెంటనే పునరుద్ధరిస్తామనీ ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ హామీ ఉంటే పనికి వెళ్లి చూద్దామనే ధైర్యం వస్తుంది. వైకల్యం ఉన్న మనిషికి బయటికి పోయి పనిచేయడానికి అయ్యే అదనపు ఖర్చును భరించే సాయంగా పింఛనును చూస్తే, జీతానికీ దానికీ పోటీ పెట్టవలసిన అవసరమే ఉండదు.

యజమానుల అభ్యంతరాలు

యజమానులు చెప్పే మాటలన్నీ సాకులని మా సంఘాల సమావేశాల్లో అనడం విన్నాను. అన్నీ సాకులు కావు. చీమకుర్తి గ్రానైట్‌తో వ్యాపారం చేసే ఒక పరిచయస్థుడితో ఈ విషయం మాట్లాడినప్పుడు ఆయన సూటిగా అడిగారు: "రాళ్లు కోసే గ్యాంగ్‌సా నడిచే షెడ్డులో చెవులు బాగున్నవాడికే పక్కన ఏం జరుగుతుందో వినపడదు. వెనక క్రేను మీద స్లాబు వస్తుంటే వినపడని పిల్లోడికి ఎవరు చెప్తారు సార్? జరగరానిది జరిగితే వాళ్లమ్మకు నేనేం సమాధానం చెప్పాలి?" ఆ ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. రాతి పనిలో ప్రమాదం ఎలా ఉంటుందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. కొన్ని పనులు కొందరికి నిజంగానే తగవు, దాన్ని ఒప్పుకోకుండా వాదిస్తే మన మాటకు విలువ పోతుంది.

కానీ ఆయన ప్రశ్నలోనే జవాబు కూడా కొంత ఉంది. ఆ షెడ్డులో చెవులు బాగున్నవారికి కూడా వినపడదు కనుక, క్రేను కదిలినప్పుడు వెలిగే దీపం అందరికీ అవసరమే. తరువాత ఆయన్ను నేను అడిగింది వేరే సంగతి: స్లాబుల కొలతలు రాసుకోవడం, నంబరు వేయడం, ఫొటో తీసి కొనుగోలుదారుకు పంపడం, బిల్లులు తయారు చేయడం వంటి పనులు మీ దగ్గర ఎవరు చేస్తున్నారు అని. వాటికి కాళ్లు సరిగా లేనివారిని తీసుకోవడానికి తనకు అభ్యంతరం లేదనీ, ఇంతవరకు ఎవరూ వచ్చి అలా విడదీసి అడగలేదనీ ఆయన అన్నారు. వికలాంగుడికి ఉద్యోగం ఇస్తారా అని అడిగితే ప్రమాదం గుర్తొస్తుంది. ఫలానా పనికి ఫలానా మనిషిని ఇస్తారా అని అడిగితే ఆలోచన వేరుగా సాగుతుంది. ఆ రెండో ప్రశ్న వేయాలంటే అడిగేవారు ముందు షెడ్డులోకి వెళ్లి అక్కడి పనులను చూసి ఉండాలి. మేళా టేబుల్ దగ్గర కూర్చుని ఆ పని చేయలేం.

నెల్లూరులో ఒక బట్టల షాపులో బిల్లింగ్‌లో పనిచేసిన అమ్మాయి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆమెకూ నాలాగే పోలియో. కంప్యూటరు పని చకచకా చేసేది. కౌంటరు కింది అంతస్తులో ఉంది, సిబ్బంది బాత్రూము మాత్రం మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు కొనుగోలుదారులకే. పొద్దున ఇంట్లో బయలుదేరే ముందు నుంచి రాత్రి తిరిగి వచ్చేదాకా ఆమె మంచినీళ్లు తాగేది కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి డాక్టరు తిట్టాక మానేసింది. షాపువారు ఆమె పెళ్లి కుదిరి మానేసిందనుకున్నారు. ఆమె కారణం చెప్పలేదు, వారు అడగలేదు. సిబ్బందికి లిఫ్టు వాడుకోవడానికి అనుమతి ఇచ్చి ఉంటే ఆ షాపుకు మంచి బిల్లింగ్ మనిషి మిగిలేది.

ఈ సందర్భంలో దక్షిణాదిలోని రెండు రాష్ట్రాలను తలచుకోవాలి. షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ షాపుల చట్టాలను సవరించాయి. అవి వికలాంగుల కోసం చేసిన సవరణలు కావు, కాళ్లు వాచిపోతున్న మామూలు సేల్స్ అమ్మాయిల కోసం చేసినవి. అయినా కౌంటరు వెనక స్టూలు ఉన్న షాపులో కాలు సరిగా లేని మనిషి కూడా పని చేయగలడు. తడ దాటితే తమిళనాడు, మనకు అంత దగ్గర. మాకోసం ప్రత్యేకంగా ఏదో చేయాలని అడిగిన ప్రతిచోటా, ముందుగా అందరికీ మేలు చేసే మార్పు ఏదైనా ఉందా అని వెతకడం మంచిదని నాకు అనిపిస్తుంది. ప్రత్యేక ఏర్పాటు అన్నప్పుడు యజమానికి ఖర్చు కనిపిస్తుంది, తోటి ఉద్యోగికి పక్షపాతం కనిపిస్తుంది.

విజేతల కథల గురించి కూడా ఒక మాట. ఇలాంటి చర్చ ఎక్కడ వచ్చినా శ్రీకాంత్ బొల్లా పేరు వస్తుంది. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకెక్కి, ఎంఐటీలో చదివి వచ్చి, వికలాంగులకు పని ఇచ్చే పరిశ్రమ స్థాపించిన మనిషి ఆయన. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆయన్ను చూసి నేర్చుకో అని మన పిల్లలకు చెప్పేవారు, ఆయన పోరాడింది తలుపు మూసిన వ్యవస్థతో అని మరచిపోతున్నారు. గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేయదలచిన కుర్రవాడికి అంతటి అసాధారణమైన పట్టుదల ఎందుకు ఉండాలి? మిగతా కూలీల్లో ఎవరినీ మనం అది అడగడం లేదు.

నా వాదన చేరని చోటు

ఇంతదాకా రాసినదంతా నెలజీతం ఇచ్చే చోట పనిచేసేవారి గురించి. పడమటి ప్రకాశంలోనూ, ఉదయగిరి వైపు పల్లెల్లోనూ పరిస్థితి వేరు, అక్కడ నా వాదన సగమే వర్తిస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు పాత నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది ఆ జిల్లా పల్లెల నుంచే. బోరు నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి, వెన్నూ మోకాళ్లూ ఏళ్ల తరబడి నెమ్మదిగా బిగుసుకుపోతాయి. ఇరవై ఏళ్ల వయసులో రాళ్లు మోసిన మనిషి నలభై దాటేసరికి కింద కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. ఆయనకు యజమాని లేడు, కనుక లైజన్ అధికారీ లేడు. జీవితమంతా కూలి పనే కనుక ఉద్యోగంలో ఉండగా వచ్చిన వైకల్యం అనే రక్షణా లేదు. సదరం క్యాంపులో అతని బిగుసుకుపోయిన వెన్నుకు వచ్చే శాతం, అతను కోల్పోయిన పనిదినాలను చెప్పదు.

ఆ మనిషిని మేళాకు పిలవడంలో అర్థం లేదు. ఉపాధి హామీ పనుల్లో ఇలాంటివారికి మంచినీళ్లు అందించే పని ఇవ్వడం నేను చూశాను, అది గౌరవంగానే సాగింది. కూర్చుని చేసే గ్రామస్థాయి పనులు మరికొన్ని వెతకవచ్చు. అంతకంటే ముందు వాళ్ల పిల్లలకు మంచి నీళ్లు కావాలి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఆ పల్లెలు ఎదురుచూస్తున్న కాలంలో ఒక తరం ఎముకలు బిగుసుకుపోయాయి. నీటి పథకాన్ని వికలాంగుల సంక్షేమం పద్దులో ఎవరూ రాయరు గానీ, ఆ ప్రాంతానికి సంబంధించినంత వరకు దానికంటే పెద్ద ఉపాధి పథకం లేదని నేను నమ్ముతున్నాను.

నాకు ఇంకొక సందేహం కూడా ఉంది. ప్రభుత్వ వాటాలో భద్రమైన ఉద్యోగం పొందిన నేను, ఇప్పటి పిల్లలను ప్రైవేటు పనులకు పొమ్మనడం సబబేనా? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు నా దగ్గరికి వచ్చిన వికలాంగ అభ్యర్థుల కళ్లలో నేను చూసిన ఆశ నాకు తెలియనిది కాదు. వయోపరిమితిలో మాకు పదేళ్ల సడలింపు ఉంది కనుక, ఒంగోలు, నెల్లూరు కోచింగ్ గదుల్లో నలభై దాటిన వికలాంగులు కూడా ఇంకా పరీక్షలకు చదువుతూ కనిపిస్తారు. చదవవద్దని వారికి నేను చెప్పను. 2013లో సుప్రీంకోర్టు మా వాటాను కేడరులోని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని తీర్పు ఇచ్చాక కూడా బ్యాక్‌లాగ్ పోస్టులు పేరుకుపోతుంటే పోరాడవలసిందే. అయితే ప్రైవేటు పనిలో ఆరు నెలలు కూడా నిలవలేని పరిస్థితి ఉన్నంత కాలం, ప్రభుత్వ ఉద్యోగం కోసం పదేళ్లు ఎదురుచూడడమే వారికి తెలివైన నిర్ణయంగా మిగులుతుంది. ఆ ఎదురుచూపును తప్పుపట్టేముందు రెండో దారిని నడిచేలా చేయాలి.

తోడు మనిషి

నేను అడుగుతున్నది పెద్ద వ్యవస్థేమీ కాదు. మేళాలో ఎంపికైన వికలాంగులకు మొదటి ఆరు నెలలు తోడుండే మనుషులు జిల్లాకు కొందరు కావాలి. చేరిన వారంలోనే వారు పని స్థలానికి వెళ్లాలి. మెట్లు, బాత్రూము, షిఫ్టు సమాచారం, బస చేసే చోటు నుంచి గేటు దాకా దారి చూడాలి. లైజన్ అధికారి ఎవరో కనుక్కుని ఆయన ఫోను నంబరును ఉద్యోగికీ, ఇంట్లోవారికీ ఇవ్వాలి. సూపర్‌వైజరుతో ఒక పూట కూర్చోవాలి. వినికిడి లేనివారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే బధిరుల పాఠశాలకు వెళ్లని పల్లె పిల్లలకు ఇంటి సైగలే తప్ప సంకేత భాష రాదు, దుబాసీని పంపినా ప్రయోజనం ఉండదు. ఆ తోడు మనుషుల్లో వికలాంగులే సగం మంది ఉంటే ఇంకా మంచిది. 2022లో మా కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసినప్పుడు, చిన్న కాగితం కోసం కూడా దగ్గరున్న ఒంగోలును వదిలి నెల్లూరు దాకా పోవలసి వచ్చినవారి అవస్థ నేను చూశాను. కనుక ఉద్యోగిని ఆఫీసుకు రమ్మనకుండా, ఆఫీసే అతని దగ్గరికి వెళ్లే ఏర్పాటు ఇందులో ముఖ్యం.

ఈ తోడు మనుషులకు శిక్షణ ఇవ్వడానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. నెల్లూరులోనే వికలాంగుల నైపుణ్యాభివృద్ధి, పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రాంతీయ కేంద్రం (సీఆర్‌సీ) ఉంది, సికింద్రాబాదులోని జాతీయ మేధో వికలాంగుల సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్నది. మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారికి కూడా 2016 చట్టం మొదటిసారి ఉద్యోగాల్లో వాటా ఇచ్చింది. ఆ వాటా వల్ల వచ్చినవారు పక్కన ఓపికగా నేర్పే మనిషి లేకుండా ఒక్క వారం కూడా నిలవలేరు. తోడు మనిషి ఆలోచన మిగతావారికి సౌకర్యం, వీరికి అదే ఆధారం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. 2008లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. నెలకు ₹25,000 వరకు జీతంతో వికలాంగులను తీసుకున్న ప్రైవేటు యజమాని తరఫున పీఎఫ్, ఈఎస్ఐ వాటాలను మూడేళ్లు ప్రభుత్వమే కడుతుందన్నారు. దానికి అనుకున్న స్పందన రాలేదు. వికలాంగుణ్ని తీసుకోవడానికి వెనకాడే యజమాని ఆ కొద్దిపాటి డబ్బు కోసం వెనకాడడం లేదు. ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరిని పిలవాలో తెలియక వెనకాడుతున్నాడు. 35వ సెక్షన్ ప్రోత్సాహకాలు ఇవ్వాలని చెప్పింది గానీ అవి యజమాని చేతికిచ్చే డబ్బు రూపంలోనే ఉండాలని చెప్పలేదు. పిలిస్తే వచ్చే మనిషిని జీతమిచ్చి నియమించడం కూడా ప్రోత్సాహకమే, దానికి కొత్త చట్టం అక్కరలేదు. మేళా నిర్వహించే శాఖ తన నివేదికలో ఎంపికైనవారి సంఖ్య పక్కన ఆరో నెలలో పనిలో ఉన్నవారి సంఖ్యను కూడా చేర్చి, మానేసిన ప్రతి ఒక్కరి దగ్గరా కారణం అడిగి రాసుకుంటే, ఆ తోడు మనుషులు ఏ ప్లాంటుకు, ఏ షాపుకు ముందు వెళ్లాలో ఆ కాగితమే చెబుతుంది.